గ్లాడ్‌స్టనుగారి చరిత్రము

పుట్టినింటి యభిప్రాయములనే కడదాఁక మోయువారు లోకమునఁ బెక్కురు. వానిని బరీక్షించి విడుచువారు కొందఱు. విడిచినచో పదవియు మిత్రులును దూరమగునని యెఱిఁగియు విడుచువారు మిక్కిలి యరుదు. అఱువదియేండ్లకుఁ బైగా ఇంగ్లాండు పార్లమెంటునందుండి, నాలుగుమాఱులు ప్రధానమంత్రియైన విలియము ఎవార్టు గ్లాడ్‌స్టనుగారి చరిత్రమును మేము చదువరుల యెదుట నుంచుటకు ఆయన యధికారము కారణము కాదు. ఆయన బయలుదేఱిన చోటునకును చేరిన చోటునకును నడుమఁగల దూరమే కారణము. ఆ దారిలో ఒకచోట ఆయన యడుగు మిక్కిలి మందముగాఁ బడెను. దానిని దాఁచుట మా యుద్దేశము కాదు.

ఆయన 1809వ సంవత్సరము డిసెంబరు 29వ తేదిని లివర్పూలు పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ గ్లాడ్‌స్టను స్కాట్లండునుండి వచ్చి వర్తకముచే ధనవంతుఁడైనవాఁడు. జమైకా ద్వీపమునందును, దక్షిణామెరికాలోని డెమరారాయందును ఆయనకుఁ దోఁటలుండెను. వానిలోఁ బనిచేయువారు బానిసలు. 1823లో డెమరారాలో బానిసలు తిరుగఁబడినప్పుడు ఆ తిరుగుబాటు పుట్టినచోటులలో నొకటి ఈయన చెఱకుతోఁటయే. పెక్కుమంది బానిసలు ప్రాణములు గోలుపోయిరి. అప్పుడు మన కథానాయకుఁడు ఈటను పాఠశాలలోఁ జదువుకొనుచున్న బాలుఁడు.

పిమ్మట ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున గ్రీకు లాటినుభాషలయందును గణితమునందును గూడ 1831లో ప్రథమశ్రేణి నందెను. మతగురువు కావలెనని యతని కోరిక; తండ్రి యొప్పుకొనలేదు. వోటుహక్కును విస్తరింపఁజేయు సంస్కరణమును విద్యార్థుల సభలో నతఁడు తీవ్రముగా ఖండింపఁగా, ఆ కీర్తి విని న్యూకాసిలు డ్యూకుగారు తమ పలుకుబడిలోనున్న న్యూవార్కు స్థానము నతని కిప్పించిరి. ఇరువదిమూఁడేండ్లు నిండకమునుపే, 1832 డిసెంబరులో, పార్లమెంటుసభ్యుఁడయ్యెను.

సభలో నాతని మొదటి ముఖ్యోపన్యాసము 1833లో బానిసల విడుదలనుగూర్చి జరిగినది. విడుదల యసలే కూడదని యతఁడనలేదు. అది మెల్లమెల్లగా జరుగవలెననియు, యజమానులకు నష్టపరిహార మీయవలెననియు, తన తండ్రి తోఁటలో క్రూరత్వము లేదనియు వాదించెను. విద్వాంసుఁడు, దైవభక్తుఁడు, పాపభీతి గలవాఁడు. అట్టివానికిఁ దాను దినుచున్న యన్నము ఎవరి చెమటచేఁ బండినదో తోఁపకపోయెను. విద్యయు భక్తియు నున్నంతమాత్రమునఁ గన్నులు తెఱవఁబడవు కాఁబోలు! ఆ సంవత్సరమే విడుదలశాసనము నెగ్గెను. సుమారు రెండువేల యైదువందల బానిసలకుగాను జాన్ గ్లాడ్‌స్టనుగారికి లక్ష పౌనులకుఁ బైగా పరిహారము ముట్టెను. బానిసల కొక్క కాసైన ముట్టలేదు.

తోఁటలకుఁ బనివారు కావలసివచ్చి ఆ తండ్రి మన దేశమువైపు చూచెను. 1838లో కలకత్తానుండి విట్బీ, హెస్పెరసు అను రెండు నావలలో సుమారు నాలుగువందలమంది కూలీలు డెమరారాకుఁ గొనిపోఁబడిరి. వారిలోఁ గొందఱు గ్లాడ్‌స్టనుగారి తోఁటలకే చేరిరి. వారికిఁ గలిగిన బాధలు తెలియవచ్చి తగవు పుట్టఁగా ఆ యెగుమతి కొంతకాలము నిలుపఁబడెను. మన కోరంగి రేవునుండి తెలుగువారు మారిషసునకుఁ గూలీలుగాఁ బోవుటయు ఆ కాలముననే యారంభమయ్యెను. అచ్చట వారికిఁ గోరంగివారని పేరు.

ఇఁక గ్లాడ్‌స్టనుగారి మార్పు తెలియవలెనన్న ఐర్లండును జూడవలెను. 1838లో ఆయన యొక గ్రంథము వ్రాసి, ప్రభుత్వమునకు ఒక్కటే సత్యమతముండవలెననియు, ఆంగ్లేయసంఘమునే అది పోషింపవలెననియు సిద్ధాంతము చేసెను. ఐర్లండులోఁ బ్రజలలోఁ బెద్దభాగము కతోలికులు. అయినను వారి దేశమున ప్రభుత్వముచే నిలుపఁబడిన సంఘము ఆంగ్లేయసంఘము. 1845లో కతోలిక గురువులను దయారుచేయు మేనూతు కళాశాలకు ధనసహాయమును హెచ్చింప ప్రధానియైన పీలుగారు నిశ్చయింపఁగా, అది తన గ్రంథమునకు విరుద్ధమని గ్లాడ్‌స్టనుగారు మంత్రిపదవిని వదలుకొనెను. వదలుకొని, ఆ సహాయము న్యాయమేయని దానికే వోటిచ్చెను! ఈ వింత చూచి పెక్కురు నవ్విరి. మాకు నవ్వురాదు. పుస్తకమున వ్రాసినమాటకు బద్ధుఁడై పదవిని విడిచి, మాఱిన మనస్సునకు బద్ధుఁడై వోటిచ్చినవాఁడు రెండింటికిని వెల చెల్లించినవాఁడు. 1847లో యూదులకుఁ బార్లమెంటు ప్రవేశము కావలెననియుఁ బలికెను. తుదకు 1869లో, తాను ప్రధానమంత్రియై, ఐర్లండులోని యా యాంగ్లేయసంఘమునకుఁ బ్రభుత్వసంబంధమును దానే తెంచివేసెను. ముప్పదియేండ్లనాఁడు తాను గట్టిన గోడను దన చేతులతోనే కూల్చెను.

కోశాధికారిగాఁ జేసిన పనులు విస్తారము, వానిని సంక్షేపించెదము. 1861లో కాగితముపై సుంకము తీసివేయించి వార్తాపత్రికలను బీదలకు సులభము గావించెను. ఆ యేఁటనే తపాలాకచ్చేరీలలో సొమ్ము దాఁచుకొను పద్ధతిని నెలకొల్పెను. ప్రధానియైన పిదప 1870లో బాలబాలికల విద్యాశాసనమును, 1872లో రహస్యవోటు శాసనమును నెగ్గినవి.

లోకులు గుసగుసలాడుకొనిన పని యొకటి వేఱుగాఁ జెప్పవలసియున్నది. 1840 ప్రాంతమునుండి వృద్ధాప్యమువఱకు ఆయన రాత్రులందు లండను వీథులలో నడచుచు, దేహమమ్ముకొని బ్రతుకు స్త్రీలను బలుకరించి, ఆ బ్రతుకు మానువారికి ఆశ్రయము చూపుచుండెను. 1853లో ఒకఁడు దీనిని బట్టుకొని బెదిరింపఁగా వానిని బోలీసుల కప్పగించెను, నడక మానలేదు. భార్య కేథరీనుగారికి ఈ పని తెలియును. పతితలను జేరఁదీసినవారిమీఁద నిందపడుట మన దేశమునను గ్రొత్త కాదు.

మన దేశముతో ఆయన సంబంధము 1878లో బలపడెను. లిట్టనుప్రభువు దేశభాషాపత్రికల నోరునొక్కు శాసనము చేయఁగా, ప్రతిపక్షమందుండిన గ్లాడ్‌స్టనుగారు పార్లమెంటులో దానికి విరుద్ధముగాఁ దీర్మానము తెచ్చి యోడిపోయెను. 1879లో స్కాట్లండున ఊరూర నుపన్యసించుచు, ఆఫ్‌గనుల పల్లెలలోని ప్రాణములును ఆంగ్లేయుల ప్రాణములవలెనే పవిత్రములని చాటెను. 1880లో గెలిచి రిప్పనుప్రభువును రాజప్రతినిధిగాఁ బంపెను. రిప్పను 1874లో కతోలికుఁడైనవాఁడు. ఆ యేఁటనే పోపుగారి యధికారమును ఖండించుచు గ్లాడ్‌స్టనుగారు చిన్నపుస్తకము ప్రకటించియుండెను. అయినను మతము పదవి కడ్డు కాలేదు. 1882లో ఆ పత్రికాశాసనము రద్దయ్యెను.

ఇట్లు చాటినవాఁడే ఆ 1882లోనే అలెగ్జాండ్రియాపై ఫిరంగులు పేల్పించి ఈజిప్టు నాక్రమింపఁజేసెను. చిరకాలమిత్రుఁడైన బ్రైటుగారు సహింపలేక మంత్రిపదవిని విడిచిరి. ఈజిప్టు ఋణపత్రములలో గ్లాడ్‌స్టనుగారి సొమ్ముండెను. దానికొఱకే చేసెనని మేమనము, కాని యది మఱవఁదగినది కాదు. 1884లో పల్లెటూళ్ల శ్రామికులకు వోటిచ్చినప్పుడు స్త్రీలకును నిండని కొందఱు కోరఁగా ఆయన యడ్డుపడెను. స్త్రీల కళాశాలలో నుపాధ్యక్షురాలుగానున్న కూఁతురు గలవాఁడు!

ఐర్లండునకు స్వపరిపాలనమీయవలెనను నిశ్చయ మాయనకు డెబ్బదియాఱవయేఁటఁ గలిగెను. 1886లో చట్టము తేఁగా తన పక్షమువారే 93మంది యెదురు వోటిచ్చిరి. ముప్పది వోట్లతో నోడిపోయెను. పక్షము రెండుగాఁ జీలెను. ఆ వయస్సున నింటఁ గూర్చుండిన నెవ్వరును దప్పుపట్టరు. అతఁడు కూర్చుండలేదు. 1893లో ఎనుబదిమూఁడేండ్ల వృద్ధుఁడై చట్టమును సామాన్యులసభలో నెగ్గించెను. ప్రభువులసభవారు 41 వోట్లకు 419 వోట్లతో త్రోసివేసిరి. మఱుసటియేఁడు మార్చిలో పదవిని వదలెను.

బానిసత్వమును గుఱించి మాత్రము ఆయన మనస్సు మందముగా నడచెను. 1862లో అమెరికా యంతర్యుద్ధమున, బానిసలను నిలుపుకొనఁగోరిన దక్షిణరాష్ట్రములవారు ఒక జాతిగా నేర్పడిరని న్యూకాసిలు సభలోఁ బలికెను. అది ఘోరమైన పొరపాటని ముదిమిలో స్వయముగా వ్రాసెను. ఐర్లండు విషయమునఁ దెఱచుకొనిన కన్ను తన యింటి ధనము విషయమున నంత తెఱచుకొనలేదేల? పరుల యన్యాయమును జూచుట సులభము. మన భోజనపాత్రలోని దానిని జూచుట కష్టము.

కడపటి యేండ్లలో చూపు మందగించెను. హవార్డెను గ్రామమున గ్రంథాలయమును స్థాపించి, ఎనుబదియైదేండ్ల ప్రాయమునఁ దన పుస్తకములను బెక్కింటిని చిన్న తోపుడుబండిలో దానే చేరవేసెను. పుస్తకములు లేని చదువరులకు, చదువరులు లేని పుస్తకములు చేరవలెనని యాయన తలంపు. 1898 మే 19వ తేదిని మృతినొంది వెస్టుమినిస్టరు దేవాలయమున సమాధి చేయఁబడెను. ఆ గ్రంథాలయ మిప్పటికిని నడచుచున్నది.

2023 ఆగస్టులో ఆ కుటుంబమువారు కొందఱు, నేఁడు గయానా యనఁబడు ఆ దేశమునకుఁ బోయి, జాన్ గ్లాడ్‌స్టనుగారు బానిసలను గలిగియుండినందులకును, మన కూలీలను గొనిపోయినందులకును, సభలో నిలిచి క్షమాపణము వేఁడికొనిరి.