మార్జినులో వ్రాసిన మారియెట్

పాత ఫైలు చేతికొస్తే ముందు మార్జినులో నోట్లు చూడడం సర్వీసులో నాకు అలవాటు. అసలు సంగతి చాలాసార్లు అక్కడే దొరికేది. అందుకేనేమో, ఫ్రాన్సు దేశపు బొమ్మల వర్తకుడు పియేర్ జాన్ మారియెట్ జీవితం చదువుతుంటే మన సెక్షన్ మనిషినే చూసినట్లనిపించింది.

ఆయన 1694లో పారిస్‌లో పుట్టారు. తాతతండ్రుల నాటి నుంచి వారిది అచ్చు చిత్రాల వ్యాపారం. 1717లో వియన్నా వెళ్లి యూజీన్ రాకుమారుని చిత్రాలను వరుసపెట్టారు. 1741లో క్రోజా అనే ధనికుని రేఖాచిత్రాలు, సుమారు 19,000, వేలానికి వచ్చాయి. ఆ సొమ్ము పారిస్ పేదలకు చెందాలని క్రోజా వీలునామా. జాబితా వ్రాసిన మారియెట్ పేర్లు వేసి ఊరుకోలేదు. ముఖ్య చిత్రకారుల గీత తీరు ఎలాంటిదో కూడా వివరించారు. తెలిసిన గుట్టు దాచుకుంటేనే లాభమనుకునే వ్యాపారంలో ఇది చిన్న విషయం కాదు.

పాత ఫ్రెంచి ముఖచిత్రాలది మరీ చిక్కు. నలుపు, ఎరుపు సుద్దలతో గీసిన ఆ కాగితాల మీద చాలావరకు సంతకం ఉండదు. ఫలానావారి ముఖమని తరువాతివారు వ్రాసిన పేర్లలో తప్పులున్నాయి. పేరుమోసిన క్లూయే తండ్రీకొడుకులను ఇద్దరినీ జానే అనే పిలిచేవారు! ఇలాంటి చోట ఎవరో ఒకరు ఓపికగా వ్రాసిపెట్టాలి. ఓర్లాందీ అనే ఇటలీ సన్యాసి 1704లో అచ్చువేసిన చిత్రకారుల నిఘంటువును దగ్గర పెట్టుకుని, మారియెట్ దాని అంచుల్లోనూ విడి కాగితాల మీదనూ దిద్దుబాట్లు, చేర్పులు వ్రాస్తూ పోయారు. దుమోస్తియే, నాంత్యూయ్ వంటి ముఖచిత్రకారుల గురించీ వ్రాశారు. రోములోని బొత్తారి పండితునికి ఉత్తరాలలో తన ఎరుకంతా పంపేవారు.

1750లో దుకాణం అమ్మి, రాజుగారి కచేరీలో ఉద్యోగం కొనుక్కున్నారు. అక్కడ అదే రివాజు. ఇక బొమ్మలు కొనడమే గాని అమ్మడం లేదు. ఒక్కొక్కదాన్ని నీలం అట్టకు అతికి, కింద చిత్రకారుని పేరు వేసేవారు. రెండువైపులా బొమ్మలున్న కాగితాన్ని నేర్పుగా రెండు పొరలుగా విడదీసేవారట. అది మాత్రం నాకు మింగుడు పడలేదు.

1774లో కన్నుమూశారు. తొమ్మిది వేలకు పైబడిన రేఖాచిత్రాలను కలిపి కొందామని రాజుగారి తరఫువారు అడిగితే వారసులు ఒప్పుకోలేదు. 1775-76 వేలంలో అవి చెల్లాచెదురయ్యాయి. రాజుగారికి వెయ్యికి పైగా దక్కాయి. అవి ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. మార్జిను వ్రాతలు మాత్రం విడిపోకుండా ప్రభుత్వ గ్రంథాలయానికి చేరి, 1851 నుంచి 1860 లోపు ఆరు సంపుటాలుగా అచ్చయ్యాయి. పాత బొమ్మ ఎవరిదో తేల్చవలసినవారు నేటికీ వాటిని తిరగేస్తున్నారు.