మూడు మాటలెందుకు, ఒక్కటి చాలదా?

జాబ్ అప్లికేషన్ మెయిల్ తెరవగానే మీరు ముందు ఏం టైప్ చేస్తారు? ‘విత్ రిఫరెన్స్ టు’ అనేగా! రెండు మూడు మాటలు కలిసి ఒకే ప్రిపొజిషన్ పని చేస్తే అది కాంపౌండ్ ప్రిపొజిషన్. వీటిలో చాలావాటితో పేచీ పెట్టుకున్న పెద్దమనిషి హెన్రీ వాట్సన్ ఫౌలర్.

1858లో ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, సెడ్‌బర్గ్ స్కూల్లో 17 ఏళ్లు పాఠాలు చెప్పారు. అక్కడ హౌస్‌మాస్టర్ కావాలంటే పిల్లల్ని మతపరమైన దీక్షకు సిద్ధం చేయాలి. నమ్మకం లేని పని చేయలేనంటూ 1899లో ఉద్యోగం వదిలేశారు. అప్పటికి వయసు 41, చేతిలో ఇంకో ఆఫర్ లేదు! లండన్‌లో కొన్నాళ్లు పత్రికలకు రాసి, 1903లో గెర్న్సీ దీవిలో టమాటాలు పండించే తమ్ముడు ఫ్రాన్సిస్ దగ్గరికి వెళ్లిపోయారు. అన్నదమ్ములిద్దరూ కలిసి 1911లో కన్సైజ్ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ తెచ్చారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో 57 ఏళ్ల ఫౌలర్ తన వయసు 44 అని చెప్పి సైన్యంలో చేరారు (మీ రెజ్యూమెలో ఈ ట్రిక్ వద్దు). తమ్ముడు 1918లో క్షయతో పోయారు. ఇద్దరూ కలిసి రాద్దామనుకున్న పుస్తకాన్ని అన్న ఒక్కరే పూర్తిచేసి, తమ్ముడికే అంకితమిచ్చారు. అదే 1926 నాటి ‘మోడర్న్ ఇంగ్లిష్ యూసేజ్’.

అందులో కాంపౌండ్ ప్రిపొజిషన్లకు విడిగా చోటిచ్చి మరీ దులిపేశారు. ‘ఇన్ రిగార్డ్ టు’, ‘ఇన్ ద కేస్ ఆఫ్’ లాంటివి వాక్యాన్ని ఉబ్బిస్తాయే తప్ప అర్థం పెంచవని ఆయన బాధ. ‘అబౌట్’ సరిపోయే చోట అంత బరువెందుకు?

అలాగని అన్నీ దండగ కాదు. ‘ఇన్‌స్టెడ్ ఆఫ్’ తీసేస్తే దాని పని చేసే చిన్న మాట దొరకదు. మన తెలుగుకైతే ‘బదులు’ ఒక్కటే చాలు, అది వేరే సంగతి.

టెస్టుల్లో పట్టుకునేది మాత్రం గ్రామర్‌నే. వీటి చివర ప్రిపొజిషన్ ఉంటుంది కాబట్టి తర్వాత నౌన్ గానీ, ‘ఇంగ్’ రూపం గానీ రావాలి. ‘బికాజ్ ఆఫ్ ఇట్ రెయిన్డ్’ తప్పు; ‘బికాజ్ ఆఫ్ ద రెయిన్’ గానీ, ‘బికాజ్ ఇట్ రెయిన్డ్’ గానీ రైటు. ‘ఇన్ స్పైట్ ఆఫ్’ ఉంది, ‘డిస్పైట్’ ఉంది. ‘డిస్పైట్ ఆఫ్’ మాత్రం నేటి ఇంగ్లిష్‌లో తప్పు.

ఫౌలర్ 1933లో కన్నుమూశారు. 68వ ఏట ఆయన తెచ్చిన ఆ పుస్తకాన్ని తర్వాతివాళ్లు సవరించి మళ్లీ మళ్లీ అచ్చేశారు. మీ మెయిల్లో ‘ఐ యామ్ రైటింగ్’ తర్వాత ‘విత్ రిఫరెన్స్ టు’ ఉంటే, పంపేముందు దాని చోట ‘అబౌట్’ పెట్టి ఓసారి చదివి చూడండి.