అనాథుల తండ్రి జార్జి ముల్లరుగారు

తలిదండ్రులు లేని బిడ్డకు అన్నవస్త్రము లొసగుట గొప్ప ధర్మమని యెల్లరు నెరుగుదురు. అయితే ఆ బిడ్డ పెరిగి పెద్దయై, తన్ను పెంచిన యాశ్రమపు వాకిలి దాటి లోకమున నడుగు పెట్టు దినమున దిక్కెవరని యాలోచించువారు తక్కువ. ఆ దినమును గూర్చి ముందుగానే యాలోచించిన యొక మహనీయుని చరిత్రమును ఈ సంవత్సరము మా చదువరుల యెదుట నుంచుచున్నాము.

ముల్లరుగారు 1805 సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన ప్రష్యా దేశమందు జన్మించిరి. వారి తండ్రి సర్కారు పన్నులు వసూలుచేయు నుద్యోగి. బాల్యమున ముల్లరుగారి నడవడి మంచిది కాదు. తండ్రియొద్ద నుండిన సర్కారు సొమ్మును దొంగిలించిరి. పూటకూళ్లయింట బసచేసి, బాకీ తీర్చలేక, 16 యేండ్ల ప్రాయమున చెరసాల పాలైరి. ఈ సంగతులను వారు దాచలేదు. తరువాత తమ చరిత్రమున తామే వ్రాసి ప్రకటించిరి. తప్పిన బిడ్డ త్రోవకు రాగలడని వారికి తమ బ్రతుకే సాక్ష్యము.

1825లో హాలీ పట్టణమున చదువుకొనుచుండగా ఒక స్నేహితునితో కూడ ప్రార్థన కూటమునకు పోయిరి. ఆ రాత్రి మొదలు వారి మనస్సు మారెను. ఆ పట్టణముననే ఫ్రాంకెగారు 1698లో పునాది వేసిన గొప్ప యనాథశాల యున్నది. బీద విద్యార్థులకై యందు ప్రత్యేకింపబడిన గదులలో ముల్లరుగారు రెండు మాసములు నివసించిరి. నాడు నాటిన విత్తనము పిమ్మట బ్రిస్టలు పట్టణమున వృక్షమాయెను.

1829లో వారు ఇంగ్లాండు చేరిరి. 1830లో మేరీ గ్రోవ్సు అను ఆమెను వివాహమాడిరి. ఈమె సోదరుడైన ఆంథొని నారిసు గ్రోవ్సుగారే 1836లో బౌడెను, బీరు దొరలను హిందూదేశమునకు తోడుకొని వచ్చినవారు. ఆ యిరువురును గోదావరీ తీరమున నరసాపురమందు సువార్తపని నారంభించిరి. కావున ముల్లరుగారి కుటుంబము మన తెలుగు సీమకు కేవలము పరాయిది కాదు.

1832లో వారు బ్రిస్టలునకు వచ్చిరి. ఆ యేట అక్కడ కలరా ప్రబలెను. దిక్కులేని పిల్లలు వీధులలో తిరుగుట చూచి వారి హృదయము కరగెను. 1836 ఏప్రిలు మాసమున విల్సను వీధిలో నొక యద్దెయిల్లు తీసికొని, ఆడపిల్లలకై యనాథశాల తెరచిరి. 1849లో ఆష్లీ డౌను మిట్టపై 300 మందికి చాలిన గొప్ప మందిరము సిద్ధమాయెను. 1870 నాటికి అట్టి మందిరము లైదాయెను. 2,050 మంది బిడ్డల కందు చోటు గలిగెను. ఇంత పని జరుగుచున్నను వారెవరిని ధనము యాచింపలేదు, అప్పు చేయలేదు. మరునాటి భోజనమునకు చేత కాసు లేని దినము లనేకములు గడచెను. అప్పుడెల్ల ప్రార్థనయే వారి ధనాగారము.

ఇంతవరకు చాలమంది విన్న కథయే. మేము ముఖ్యముగా చెప్పదలచినది బిడ్డలు శాల విడుచు విధమును గూర్చి. మగపిల్లవానికి 14, 15 యేండ్లు వచ్చునప్పటికి వానికి నచ్చిన వృత్తిని కోరుకొననిచ్చెడివారు. పిమ్మట వానిని తన యింట నుంచుకొని పని నేర్పగల భక్తిగల యజమానుని వెదకి, నేర్పుటకు కావలసిన రుసుమును శాలయే చెల్లించెడిది. ఆడపిల్లలు ఇంకను కొన్నియేండ్లుండి, వంట, కుట్టుపని, ఉతుకుపని నేర్చి, సాధారణముగా 17 యేండ్ల ప్రాయమున గృహములలో కొలువునకు పోయెడివారు, కొందరు ఉపాధ్యాయినులైరి. వెళ్లు బిడ్డకు క్రొత్త దుస్తులును బైబిలును ఇచ్చెడివారు. ముల్లరుగారు తామే వారిని దగ్గరకు పిలిచి ప్రార్థించి సాగనంపెడివారు. కుడిచేత బైబిలును, ఎడమచేత నొక వెండినాణెమును పెట్టెడివారని చెప్పుదురు.

బీదల బిడ్డలకు ఇంత చదువేల, వారు తమ స్థితికి మించి పోవుదురని కొందరు నిందించిరి. ముల్లరుగారు లెక్కచేయక, పాఠములను పరీక్షించుటకు ప్రత్యేకముగా నొక పరీక్షాధికారిని నియమించిరి. బయటకు పోయిన బిడ్డలు ఏండ్లు గడచినను జాబులు వ్రాసెడివారు. తమ కూలిలో కొంత శాలకు పంపెడివారు. పుట్టినింటిని మరువని బిడ్డల రీతి అది.

ఆ యేర్పాటులలో కొరతలు లేవని మేము చెప్పము. తల్లి గాని తండ్రి గాని జీవించియున్న బిడ్డ కచట చోటు లేకుండెను. వివాహబంధము వెలుపల పుట్టినవారికిని లేకుండెను. ఒకసారి కోరిన వృత్తిని బాలుడు మార్చుకొన వీలులేదు. ఆడపిల్లల యెదుట నున్న త్రోవలు మరియు నిరుకు. అయినను, చేయి విడుచుటకు ముందే మరియొక చేతి కప్పగింపవలెనను నియమమును వారు తప్పలేదు.

ముల్లరుగారు 1898 మార్చి 10వ తేదీన తమ 92 యేండ్ల ప్రాయమున పరమపదించిరి. వారి పోషణ పొందిన యనాథులు పదివేలకు పైబడిరి. వారి చరిత్రమును చదివి ధైర్యము తెచ్చుకొన్నవారిలో పండిత రమాబాయిగారొకరు. ఆష్లీ డౌను మందిరములు 1958లో విక్రయింపబడెను. పని వేరు రూపమున సాగెను.

మన దేశమున 2015 నాటి బాలన్యాయ చట్టము, 18 యేండ్లు నిండి యాశ్రమము విడుచువారికి సాధారణముగా 21 యేండ్ల వరకు తోడ్పడు నేర్పాటు చేసియున్నది. చట్టము త్రోవ చూపగలదు గాని, పండుగనాడు భోజనమునకు పిలువలేదు. జ్వరము వచ్చిననాడు తలయొద్ద కూర్చుండలేదు. అది మనుష్యులు చేయవలసిన పని. కావున తలిదండ్రులారా, మీ యూర పనికి చేరిన యట్టి బిడ్డ యున్నయెడల మీ యింటి తలుపు తట్టుటకు వానికి చనువియ్యుడు. విద్యార్థులారా, మీతో కూడ చదివి సెలవులకు పోవుటకు ఇల్లు లేని సహపాఠిని మరువకుడు. వసతిగృహమునుండి బిడ్డను సాగనంపు మేమును, వాడు పోయి చేరు చోట వాని నెదుర్కొనువా రెవరని ముందుగా విచారింపవలసినవారమే. ముల్లరుగారి చరిత్రము మాకు నేర్పు పాఠమిదియే.