ఏకాకుల ఆప్తుడు చెహోవ్

అనంతపురం సీమను ధాత కరువు పట్టి పీడింప నారంభించినది 1876లో. ఆ యేటనే సుదూర రష్యాలో, అజోవ్ సముద్రతీరాన గల టగన్‌రోగ్ పట్టణంలో ఒక చిన్న వర్తకుడు అప్పులపాలై, ఋణదాతలకు వెరచి మాస్కోకు పారిపోయాడు. కొంతకాలానికి కుటుంబమూ అతనిని అనుసరించింది. పదహారేండ్ల అంటోన్ చెహోవ్ మాత్రం చదువు ముగించుటకై ఆ ఊళ్లోనే మిగిలాడు. పరాయివారి పాలైన సొంత యింటిలో ఒక మూల తలదాచుకొని, పిల్లలకు పాఠాలు చెప్పి పొట్టపోసుకొంటూ, మిగిలిన కాసులు తల్లికి పంపేవాడు. ఏకాకితనమంటే ఏమిటో అతనికి పుస్తకాలవల్ల తెలిసినది కాదు.

1879లో మాస్కో చేరి వైద్యవిద్య నభ్యసిస్తూ, ఇంటివారిని పోషించుటకై హాస్యకథలు వ్రాశాడు. 1884లో వైద్యుడైనాడు. కాని క్రమంగా ఆ నవ్వు వెనుకనున్న దిగులు పైకి వచ్చింది. 1886లో వ్రాసిన ‘తస్కా’ కథకు పేరైన ఆ రష్యన్ మాటలో దుఃఖమూ, ఒంటరితనమూ, దేనికొరకో తెలియని తపనా కలిసివుంటవి. కొడుకు చనిపోయిన బండివాడు అయోనా తన బాధ చెప్పుకోబోతే, ఎక్కిన వారెవ్వరూ వినిపించుకోరు. కడకు మేత మేస్తున్న తన గుర్రానికే ఆ కథంతా చెప్పుకొంటాడు. 1887 నాటి ‘ముద్దు’ కథలో బిడియస్థుడైన ఒక సైనికాధికారిని చీకటిగదిలో ఎవరో స్త్రీ పొరపాటున ముద్దాడుతుంది. తనది కాని ఆ క్షణాన్ని పట్టుకొని అతడు నెలల తరబడి కలలు కంటాడు.

చెహోవ్ జాలి కాగితంమీదనే ఆగిపోలేదు. 1891-92లో రష్యాలో ఘోరమైన క్షామం వచ్చింది. మేతలేక రైతులు గుర్రాలను అయినకాడికి అమ్ముకొంటున్నారు. గుర్రం పోతే మరుసటి యేడు దున్నకం లేదు. వాటిని చందాల సొమ్ముతో కొని, శీతకాలమంతా మేపి, వసంతంలో తిరిగి రైతులకే ఇచ్చే ప్రయత్నానికి అతడు చందాలు పోగుచేశాడు. 1892 జనవరిలో నిజ్నీ నొవ్‌గొరొద్ ప్రాంతానికి స్వయంగా వెళ్లాడు. పిమ్మట మేలిహోవో గ్రామంలో నివసిస్తూ పేదలకు ఉచితంగా వైద్యం చేశాడు. ఆ చుట్టుపట్ల మూడు పాఠశాలలు కట్టించాడు.

1897లో క్షయవ్యాధి బయటపడింది. వైద్యుల సలహాపై యాల్టాలో కాపురం పెట్టాడు. 1899లో వెలువడిన ‘కుక్కపిల్లతో ఉన్న మహిళ’ కథకు ఆ ఊరే రంగం. వేరువేరు సంసారాలలో చిక్కుకొన్న ఇద్దరు ఆలస్యంగా ప్రేమించుకొంటారు. వారి చిక్కు విడిపోకుండానే కథ ముగుస్తుంది. 1901లో అతడు నటి ఓల్గా క్నిప్పర్‌ను పెండ్లాడాడు. నాటకాలకై ఆమె మాస్కోలో, ఆరోగ్యానికై అతడు యాల్టాలో. వారి దాంపత్యం చాలవరకు ఉత్తరాలలోనే గడిచింది. 1904 జులై 15న జర్మనీలోని బాడెన్‌వైలర్‌లో, ఆమె చెంతనుండగా, 44 యేండ్ల వయస్సులో కన్నుమూశాడు.

కాడియెద్దుల నమ్ముకొని బెంగుళూరు దారిపట్టిన కొడుకులకై వృద్ధులు ఎదురుచూచే అనంతపురం పల్లెలకు అయోనా పరాయివాడు కాడు. వినేవారు లేక కుములుతున్న మనిషిని గుర్తుపట్టగలిగిన విద్యార్థి చెహోవ్‌ను నిజంగా చదివినవాడు.