విగ్రహం చేతిలో పుస్తకాలు

సికింద్రాబాద్‌ నుంచి బేగంపేట వైపు వెళ్తుంటారా? పాత విమానాశ్రయం దగ్గర సర్‌ రొనాల్డ్‌ రాస్‌ స్మారక భవనం కనిపిస్తుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన 1897 ఆగస్టు 20న గుర్తించింది ఇక్కడే. జబ్బు గుట్టు విప్పిన వైద్యుణ్ని ఊరు గుర్తు పెట్టుకుంది. మరి జబ్బుతో పోయినవారిని? అదీ ఎయిడ్స్‌ అయితే, మన ఇళ్లలో ఆ పేరే ఎత్తరు. కానీ ఎయిడ్స్‌తో పోయిన ఒకాయనకు అమెరికాలో సొంతూరి పెద్ద వీధిలోనే విగ్రహం ఉంది. ఆయన కథ వినండి.

ఆర్థర్‌ యాష్‌ 1943లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో పుట్టారు. ఆరేళ్లకే తల్లి పోయింది. తండ్రి నల్లవారి ఆటస్థలానికి సంరక్షకుడు. ఇల్లు అందులోనే, టెన్నిస్‌ కోర్టులు ఇంటి పక్కనే. తెల్లవారి కోర్టుల్లోకి మాత్రం ఆ పిల్లాణ్ని రానివ్వలేదు. ఆయనే పెద్దయ్యాక 1968లో యూఎస్‌ ఓపెన్‌, 1970లో ఆస్ట్రేలియన్‌ ఓపెన్‌ గెలిచారు. 1975లో జిమ్మీ కానర్స్‌ను ఓడించి, వింబుల్డన్‌ పురుషుల సింగిల్స్‌ నెగ్గిన తొలి నల్లజాతీయుడయ్యారు.

ఎక్కించిన రక్తంతో...

1979లో, 36 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. ఆటగాడికి గుండెజబ్బా అనుకోకండి, అది వారి కుటుంబంలోనే ఉంది. ఆ ఏడాది ఒకసారి, 1983లో మరోసారి బైపాస్‌ చేశారు. రెండోసారి రక్తం ఎక్కించారు. అందులో హెచ్‌ఐవీ ఉంది. దాన్ని పట్టే పరీక్ష అందుబాటులోకి వచ్చింది 1985లో.

1988లో కుడిచేయి పట్టు తప్పింది. మెదడుకు ఆపరేషన్‌ చేస్తే టాక్సోప్లాస్మోసిస్‌ ఇన్‌ఫెక్షన్‌ అని తేలింది. దాని వెనకే ఎయిడ్స్‌ బయటపడింది. కూతురికి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. భార్య జీన్‌, వైద్యులు, కొద్దిమంది ఆప్తులు తప్ప ఎవరికీ చెప్పలేదు. 1992లో ఒక పత్రిక ఆరా తీయడంతో, ఏప్రిల్‌ 8న ఆయనే విలేకరుల ముందుకు రావాల్సి వచ్చింది. కూతురి ప్రస్తావన దగ్గర గొంతు పెగల్లేదు. అక్కడ భార్య అందుకుని చదివారు.

మిగిలింది పది నెలలు. ఎయిడ్స్‌పై పోరుకు సంస్థ పెట్టారు, ఊరూరా మాట్లాడారు. 1993 ఫిబ్రవరి 6న, 49 ఏళ్లకు కన్నుమూశారు.

1996లో రిచ్‌మండ్‌లో విగ్రహం పెట్టారు. బానిసత్వాన్ని నిలబెట్టాలని పోరాడిన సేనానుల విగ్రహాలున్న వీధి అది. అక్కడ ఈయనెందుకని గొడవ జరిగింది. ఆ సేనానుల విగ్రహాలను తర్వాత తొలగించారు, ఈయనది నిలిచింది. ఒక చేతిలో రాకెట్‌, ఒక చేతిలో పుస్తకాలు, చుట్టూ పిల్లలు. 1997లో న్యూయార్క్‌లోని పెద్ద టెన్నిస్‌ స్టేడియానికీ ఆయన పేరే పెట్టారు.

మనం చేయగలిగింది

లైసెన్సున్న రక్తనిధి నుంచే రక్తం తీసుకోండి. అక్కడ ప్రతి యూనిట్‌నూ హెచ్‌ఐవీకే కాదు, హెపటైటిస్‌-బి, సి, సిఫిలిస్‌, మలేరియాలకూ పరీక్షిస్తారు. హెచ్‌ఐవీ ఉన్నా రోజూ మాత్రలు వాడుతూ చాలాకాలం మామూలుగా బతకొచ్చు. సికింద్రాబాద్‌ గాంధీ ఆస్పత్రిలోని ఏఆర్‌టీ కేంద్రంలో ఆ మందులు ఉచితం.

ఇంకొకరి జబ్బు సంగతి మీ చెవిన పడితే మీ దగ్గరే ఉంచుకోండి. వారి అనుమతి లేకుండా బయటపెట్టడం 2017 నాటి చట్టం ప్రకారం తప్పు. కలిసి భోంచేస్తే, చేయి పట్టుకుంటే అది అంటదు. పోయాక విగ్రహం అందరికీ రాదు. బతికుండగా పక్కన కూర్చుని పలకరించడం మాత్రం మన చేతిలో పనే.