ముందే గీసుకున్న గీత

సెప్టెంబరు 15 వచ్చిందంటే మా బడిలో ఒక కథ తప్పనిసరి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు రాత్రిపూట సర్కారు పని చేస్తున్నంతసేపు సర్కారు కొవ్వొత్తి వెలిగించుకునేవారట. ఆ పని ముగిసి సొంత ఉత్తరం రాసుకోవాల్సి వస్తే దాన్ని ఆర్పేసి, సొంత డబ్బుతో కొన్న కొవ్వొత్తి ముట్టించేవారట. ఏళ్ల తరబడి ఈ కథ చెప్పి పిల్లలచేత చప్పట్లు కొట్టించాం. ఆమధ్య ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు లేచి, కొవ్వొత్తి ఖరీదెంత అని అడిగాడు. తరగతి గొల్లున నవ్వింది. మాకు మాత్రం వెంటనే జవాబు తోచలేదు.

వాడి సందేహం చిన్నదేమీ కాదు. అణాకో కానీకో దొరికే వస్తువు దగ్గర నిజాయతీగా ఉంటే అదేం గొప్ప? ఎక్కువ పోగొట్టుకోవాల్సి వచ్చినప్పుడు మనిషి ఎలా ఉన్నాడన్నదే అసలు లెక్క. ఆ లెక్కలోనే ఈసారి ఆయన జీవితం చూద్దాం.

విశ్వేశ్వరయ్య గారు పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో. పూర్వీకులది మన గిద్దలూరు వైపున్న మోక్షగుండం. వాళ్లు తరాల క్రితమే మైసూరు సీమకు వలస వెళ్లినా ఇంట్లో తెలుగు నిలిచింది, ఇంటిపేరులో ఊరు నిలిచింది. మనలో చాలామంది ఇళ్ల కథా ఇదే కదా! చిన్నతనంలోనే తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు పోయారు. తల్లి వెంకటలక్ష్మమ్మ గారు కష్టపడి పెంచారు. బెంగళూరులో ఒక ఇంట పిల్లలకు పాఠాలు చెబుతూ సెంట్రల్ కాలేజీలో చదువుకుని 1881లో బి.ఎ. పూర్తిచేశారు. మైసూరు సంస్థానం ఇచ్చిన ఉపకారవేతనంతో పుణె వెళ్లి ఇంజినీరింగు చదివారు. 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజినీరుగా చేరారు.

మొదటి పరీక్ష పుణె దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయం వద్ద ఎదురైంది. వరద వచ్చినప్పుడు అదనపు నీరంతా పొర్లి వృథాగా పోయేది. నీటిమట్టం ఒక హద్దు దాటగానే తమంతట తామే తెరుచుకుని, తగ్గగానే మూసుకునే తలుపులను ఆయన రూపొందించారు. కట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలిచింది. 1903లో అక్కడ అమర్చిన ఆ తలుపులు తరువాత గ్వాలియరు దగ్గరి తిగ్రా ఆనకట్టకు, మైసూరు కృష్ణరాజసాగరానికీ వెళ్లాయి. వాటికి ఆయన పేరిట పేటెంటు ఉంది. వాడుకున్న ప్రతిచోటా రాయల్టీ అడిగే హక్కు చట్టం ఇచ్చింది. ఆయన తీసుకోలేదు. ఉద్యోగంలో ఉండగా, ఉద్యోగం పనిమీద పుట్టిన ఆలోచనకు జీతం ముందే ముట్టిందని ఆయన లెక్క. ఇక్కడ వదులుకున్నది కొవ్వొత్తి ఖరీదు కాదు.

1908లో బొంబాయి కొలువు వదిలి విదేశయాత్రలో ఉండగా హైదరాబాదు నుంచి పిలుపు వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచి వేలమందిని పొట్టనబెట్టుకుంది. 1909లో ఆయన వచ్చి, నగరం ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచాలని పథకం ఇచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే.

అదే ఏడాది మైసూరు చీఫ్ ఇంజినీరయ్యారు. 1912లో మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడెయరు ఆయనను దివానుగా రమ్మన్నారు. మా దృష్టిలో ఆయన జీవితానికి గుండెకాయ ఇక్కడుంది. ఒప్పుకునే ముందు ఆయన తల్లినీ దగ్గరి బంధువులనూ కూర్చోబెట్టి, తన పదవిని అడ్డం పెట్టుకుని ఎవరూ ఏ సాయమూ అడగబోమని మాట తీసుకున్నారని ఆయన జీవితకథలు చెబుతాయి. తమ్ముడి కొడుకో మేనల్లుడో వచ్చి చేతులు పట్టుకున్నాక కాదనడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు. అందుకే ఎవరూ ఏమీ అడగకముందే గీత గీశారు. నిండా మునిగాక చలేమిటని ఊరుకునేది మనం. ఆయన నీళ్లలో దిగకముందే లోతు చూసుకున్నారు.

దివానుగా ఆరేళ్లలో 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు ఏర్పడటానికీ ఆయన అండ ఉంది. ఇంట తెలుగు మాట్లాడే మనిషి తాను జీతం తీసుకునే నేల భాషకు చేసిన సేవ అది. ఇంటి భాషను ప్రేమించడానికి ఊరి భాషను తక్కువ చేయనక్కర్లేదని మన పిల్లలు ఇక్కడ నేర్చుకోవచ్చు.

1918లో మరో పరీక్ష. సంస్థానం ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఒకే వర్గం చేతిలో ఉన్నాయనీ, తమకూ వాటా కావాలనీ మిగిలిన వర్గాలవారు అడిగారు. మహారాజు మిల్లర్ కమిటీ వేశారు. ప్రతిభ ఒక్కటే కొలబద్ద కావాలన్న విశ్వేశ్వరయ్య గారికి ఇది నచ్చలేదు. ఈ విషయంలో మేము ఆయన పక్షం కాదు. తరతరాలుగా బడి గడప ఎక్కనివ్వనివారినీ, అక్షరాల మధ్యే పుట్టినవారినీ ఒకే కొలబద్దతో కొలవడం న్యాయం కాదు. మహానుభావుడన్నంత మాత్రాన ఆయన అన్నవన్నీ ఒప్పని పిల్లలకు చెప్పం. అయితే, ఒప్పుకోలేని పనికి సంతకాలు పెడుతూ కుర్చీలో కొనసాగడం ఆయనకు చేతకాలేదు. ఆ ఏడాది చివర పదవి వదిలేశారు. రాజీనామా ఇవ్వడానికి సర్కారు కారులో వెళ్లి, సొంత కారులో ఇంటికి వచ్చారని చెప్పుకుంటారు.

పదవి పోయినా పని పోలేదు. నష్టాల్లో ఉన్న భద్రావతి ఇనుము కర్మాగారాన్ని 1923 నుంచి కొన్నేళ్లు నడిపి నిలబెట్టారు. దానికి తనకు రావాల్సిన పెద్ద మొత్తాన్ని బెంగళూరులో యువతకు చేతిపనులు నేర్పే సంస్థకు వదిలేశారు. దానికి తన పేరు కూడా వద్దని జయచామరాజేంద్ర ఒడెయరు పేరు పెట్టించారు. 1955లో భారతరత్న ఇచ్చినప్పుడు, బిరుదు ఇచ్చారు కాబట్టి ప్రభుత్వాన్ని పొగుడుతానని ఆశించవద్దని నెహ్రూ గారికి ముందే తెలియజేశారంటారు. అక్కడా అదే పద్ధతి, గీత ముందే గీయడం. నూరేళ్లు నిండాక 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్నకు మా జవాబు ఇది. కొవ్వొత్తి ఖరీదు తక్కువే. కానీ రాయల్టీ దగ్గర, బంధువుల దగ్గర, పదవి దగ్గర తప్పకుండా నిలబడే చేతికి రోజువారీ సాధన ఆ కొవ్వొత్తి దగ్గరే జరుగుతుంది. ఈ జవాబు మాకూ వర్తిస్తుంది. మా ఇంటి అరుగు మీద మా పిల్లలు ముగ్గులు గీసుకున్న సుద్దముక్కలు బడివే. ఎవరూ అడగలేదు కాబట్టి మేమూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు అంగడిలో ఒక పెట్టె కొని ఇంట్లో పెట్టాం.

ఈ ఏడు ఆటవస్తువుల గది తాళంచెవి ఆ పిల్లవాడికే ఇచ్చాం. ఇచ్చే ముందు, తన స్నేహితులు అడిగినా చేయని పనులేమిటో ఒక కాగితం మీద రాయమన్నాం. నాలుగు రాశాడు. ఆ కాగితం గది తలుపుకు లోపలివైపు అంటించి ఉంది.