దిద్దిన చేయి: ఒసాము తెజుకా జీవితం

అక్షరాభ్యాసం నాడు పెద్దలు పలక మీద వ్రాసి యిచ్చిన ఓనమాల మీదనే పిల్లవాడు దిద్దుతాడు. ఆ అక్షరం అతనిది కాదు. గీత ఎక్కడ మొదలు కావాలో, ఎక్కడ వంపు తిరగాలో అతని నిర్ణయమూ కాదు. అయినా దానిని దొంగతనమని ఎవరూ అనరు. ఉర్దూ ఖుష్‌నవీసీలో దీనినే మష్క్ అంటారు. ఉస్తాదు వ్రాసిన అలిఫ్‌ను షాగిర్దు తఖ్తీ మీద వందల మార్లు వ్రాస్తాడు, కడుగుతాడు, మరల వ్రాస్తాడు. కొన్నేళ్ళకు చేయి తిరుగుతుంది. అప్పుడా అలిఫ్‌లో ఉస్తాదు పోలికా ఉంటుంది, షాగిర్దు సొంత ఒడుపూ ఉంటుంది.

ఈ సంగతి తెలిసి ఉండీ మేము ఒక పొరపాటు చేశాము. రెండేళ్ళ క్రిందట తరగతిలో ఒక విద్యార్థి నోటుపుస్తకం చివరి పుటలలో బొమ్మలు వేస్తూ మా కంట పడ్డాడు. విశాలమైన కళ్ళు, మంటల వలె ఎగసిన జుట్టు, చుక్కంత ముక్కు: జపాను యానిమేషన్ చిత్రాలలోని పాత్రలే. ఇతరుల బొమ్మలకు నకళ్ళు తీయడం కళ కాదనీ, చేతనైతే సొంతంగా ఏదైనా వేయమనీ నలుగురి ముందు మందలించాము. అతడు బదులు చెప్పలేదు. ఆ సంవత్సరమంతా అతని పుస్తకంలోని చివరి పుటలు తెల్లగానే ఉండిపోయాయి. తరువాత, ఆ కళ్ళను జపాను బొమ్మల లోకంలో నిలబెట్టిన మహనీయుని జీవితం చదివినపుడు మా మాటలు మాకే ముల్లై గుచ్చుకున్నాయి. ఆ మహనీయుడే ఒసాము తెజుకా.

తెజుకా 1928 నవంబరు 3న ఒసాకా రాష్ట్రంలోని తొయొనకాలో జన్మించారు. పెరిగింది సమీపంలోని తకరజుకా పట్టణంలో. ఆ ఊరు స్త్రీలే సకల పాత్రలనూ ధరించే నాటక సమాజానికి ప్రసిద్ధి. తల్లి ఆయనను తరచు ఆ ప్రదర్శనలకు తీసుకొని వెళ్ళేది. ఆ నటీమణుల మెరిసే కన్నులు బాలుని మనసులో చెరగని ముద్ర వేశాయి. తండ్రి ఇంట్లో ఒక చిన్న ప్రొజెక్టరు ఉంచుకొని, పిల్లలకు చాప్లిన్ చిత్రాలూ, డిస్నీ బొమ్మల చిత్రాలూ చూపేవాడు.

బడిలో తెజుకా పీలగా ఉండేవాడు. ఉంగరాల జుట్టు, కళ్ళద్దాలు. తోటిపిల్లలు ఏడిపించేవారు. అయితే ఆయన గీసే బొమ్మల కథలు చేతులు మారుతున్న కొద్దీ, ఏడిపించినవారే చుట్టూ చేరడం మొదలు పెట్టారు. పురుగులంటే ఆయనకు ప్రాణం. ఒసాముషి అనే పెంకుపురుగు పేరులో తన పేరు ఇమిడి ఉండడం గమనించి, పేరు చివర పురుగు అనే అర్థమిచ్చే అక్షరాన్ని తగిలించుకున్నారు. జీవితాంతం ఆ సంతకంతోనే గీశారు.

యుద్ధం ఆ బాల్యాన్ని మింగివేసింది. విద్యార్థులను కర్మాగారాలలో పనికి పంపిన రోజులవి. ఒసాకా మీద బాంబులు కురిసినపుడు తెజుకా ప్రాణాలతో బయటపడ్డారు. 1945 ఏప్రిల్‌లో, సగం కాలిపోయిన ఆ నగరంలో, దాదాపు ఖాళీగా ఉన్న ఒక సినిమాహాలులో ఆయన మొమొతారో అనే వీరబాలుని కథతో వచ్చిన యానిమేషన్ చిత్రం చూశారు. అది నౌకాదళం ప్రచారం కొరకు తీయించిన చిత్రమే. కాని ఆ ప్రచారం చాటున కదిలిన బొమ్మల సౌకుమార్యం పదహారేళ్ళ ఆ కుర్రవానిని కంటతడి పెట్టించింది. ఏనాటికైనా ఇటువంటి చిత్రం తానూ తీయాలని ఆ చీకటి హాలులోనే నిశ్చయించుకున్నారు.

1945లోనే ఆయన ఒసాకాలో వైద్యవిద్యలో ప్రవేశించారు. 1946లో పిల్లల పత్రికలో తొలి బొమ్మల ధారావాహిక వెలువడింది. జపాను భాషలో బొమ్మల కథను మంగా అంటారు. 1947లో సకాయి షిచిమాతో కలిసి వెలువరించిన నూతన రత్నద్వీపం అనే మంగా దేశంలోని పిల్లలను ఉర్రూతలూగించింది. అంతవరకు మంగాలో పాత్రలు నాటకరంగం మీద నిలబడినట్లు ఎదురుగా కనిపించేవి. తెజుకా పుస్తకంలో అదే దృశ్యం దూరం నుండి, దగ్గర నుండి, పక్క నుండి కనిపించింది. కాగితం మీద కెమెరా కదులుతున్నదా అనిపించింది. సినిమాను కాగితం మీదికి దించిన చేయి అది.

వైద్యమా, బొమ్మలా అన్న ప్రశ్న ఎదురైనపుడు, ఏది ఎక్కువ ఇష్టమో అదే చేయమని తల్లి చెప్పిందట. ఆయన వైద్యవిద్య పూర్తి చేశారు. 1961లో డాక్టరేటు కూడా పొందారు. కాని జీవనానికి బ్రష్షునే ఎంచుకున్నారు. చదివిన చదువు వృథా పోలేదు. 1973లో ఆరంభించిన బ్లాక్ జాక్ అనే మంగాలో కథానాయకుడు పట్టా లేని శస్త్రవైద్యుడు.

ఇక్కడ మా విద్యార్థులు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. తెజుకా ఒక వీరాభిమాని. ఆయన ఉస్తాదు వాల్ట్ డిస్నీ. బాంబీ చిత్రాన్ని 80 పర్యాయాలకు పైగా చూశానని ఆయనే చెప్పుకున్నారు. హాలులో కూర్చుండి చూడడం, ఇంటికి వచ్చి గీయడం, మరల వెళ్ళి చూడడం: ఇదీ ఆయన మష్క్. బాంబీ, పినోకియో చిత్రకథలను తన చేతితో మంగాలుగా గీసి 1950ల తొలినాళ్ళలో ప్రచురించారు. నేడు మనం అభిమాని వేసిన బొమ్మలు అంటున్నవి ఇవి కాక మరేమిటి? అమెరికా కార్టూన్లలోని గుండ్రని రూపం, బాంబీ కళ్ళ తడి, తకరజుకా నటీమణుల కనురెప్పలు, ఇవన్నీ కలిసి ఆయన చేతిలో ఒక కొత్త ముఖమయ్యాయి. విశాలనేత్రాలను జపాను ప్రత్యేకత అనుకుంటాము. కాని వాటి మూలంలో సముద్రాల కావలి నుండి వచ్చిన అప్పు కూడా ఉన్నది. తెజుకా ఆ అప్పును ఎన్నడూ దాచలేదు.

1952లో ఆయన ఆటమ్ అనే మరబాలుని కథ ఆరంభించారు. ప్రమాదంలో కుమారుని పోగొట్టుకున్న శాస్త్రజ్ఞుడు అచ్చంగా ఆ బిడ్డ పోలికతోనే ఒక మరబొమ్మను తయారు చేస్తాడు. అది ఎదగదని గ్రహించి విసుగు చెంది సర్కసుకు అమ్మివేస్తాడు. మరొక సహృదయుడు ఆ బొమ్మను చేరదీస్తాడు. నకలుగా పుట్టి, నకలని త్రోసివేయబడి, చివరకు తన మంచితనంతో తానే ఒక వ్యక్తిగా నిలిచిన ఆ బాలునిలో తెజుకా కళాజీవితమే మాకు కనబడుతుంది.

ఆ కథను కదిలించాలన్నది ఆయన కల. 1960ల ఆరంభంలో తన నిర్మాణ సంస్థను నెలకొల్పి, పురుగు అనే అర్థంలో దానికి ముషి అని పేరు పెట్టారు. 1963 జనవరి 1న జపాను టెలివిజన్‌లో ఆటమ్ ప్రసారం మొదలైంది. వారం వారం అరగంట సేపు, 1966 ముగిసే వరకు 193 భాగాలు!

ఇది ఎంతటి సాహసమో తెలియాలంటే బొమ్మ కదిలే విధానం కొంత తెలియాలి. సినిమాలో క్షణానికి 24 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపినా క్షణానికి 12 బొమ్మలు కావాలి, నిముషానికి 720. డిస్నీ సంస్థ ఒక్క చిత్రానికి ఏళ్ళ కాలం, వందలాది చిత్రకారులను వెచ్చించేది. తెజుకాకు ఉన్నది వారం గడువు, కొద్దిమంది యువకులు, చాలీచాలని డబ్బు. అందుచేత ఒక్కొక్క బొమ్మను మూడేసి ఫ్రేములు నిలిపారు. పాత్ర మాట్లాడేటపుడు ముఖం అట్లే ఉంచి నోరు మాత్రం వేరే సెల్యులాయిడ్ రేకు మీద గీసి మార్చారు. కదలని చిత్రం మీద కెమెరాను జరిపారు. ఆటమ్ ఆకాశంలో ఎగిరే దృశ్యం ఒకసారి గీస్తే, ఆ రేకులను భద్రపరచి మరొక భాగంలో వాడుకున్నారు. ఈ విధంగా అరగంట భాగాన్ని ఇంచుమించు 2 వేల బొమ్మలతో ముగించగలిగారు.

బొమ్మ కదలని చోట కథ కదలాలి. కనుక ఒక్క చూపులో, ఒక్క కన్నీటిచుక్కలో, ఒక్క నిశ్శబ్దంలో భావాన్ని నిలిపే నేర్పు పుట్టింది. జపాను యానిమేషన్‌లో అకస్మాత్తుగా నిలిచిపోయే ముఖం, వెనుక దూసుకొనిపోయే గీతలు, గాలికి కదిలే జుట్టు మాత్రమే ఉండే దృశ్యాలు మన విద్యార్థులకు ఎంతో ఇష్టం. ఆ శైలి పెరిగింది సమృద్ధిలో కాదు, లేమిలో. గురువు చేతిలో ఉన్నది శిష్యుని చేతిలో లేనపుడు, శిష్యుడు గురువును వదలి తన దారి వెదుక్కోక తప్పలేదు. దిద్దడం ముగిసి వ్రాయడం మొదలైనది ఇక్కడే.

అయితే జీవితచరిత్ర వ్రాసేవారు పొగడ్తతో సరిపుచ్చరాదు. తెజుకా తన భాగాలను అయిన ఖర్చు కన్నా తక్కువ ధరకు టెలివిజన్‌కు ఇచ్చారు. ఆ తక్కువ ధర తరువాతి వారికి గుదిబండ అయిందనీ, యానిమేషన్ కార్మికుల చాలని జీతాలకూ నిద్ర లేని రాత్రులకూ మూలం అదేననీ విమర్శ ఉన్నది. విదేశీ విక్రయాలూ, బొమ్మల వ్యాపారమూ లోటును కొంత పూడ్చినా, ముషి సంస్థ అప్పులలో కూరుకొని 1973లో దివాలా తీసింది. అప్పటికే ఆయన దాని నాయకత్వం నుండి తప్పుకున్నారు.

శిష్యుని చుట్టూ శిష్యులు పెరిగారు. టోక్యోలోని తొకివా అనే పాత ఇంట్లో తెజుకా ఖాళీ చేసిన గదిలోకి, ఆయనకు అభిమానలేఖలు వ్రాసిన ఇద్దరు యువకులు వచ్చి చేరారు. ఫుజికో ఫుజియో అన్న ఉమ్మడి పేరుతో గీసిన వారు వారే. మన ఇళ్ళలో పిల్లలు చూసే డొరేమాన్ ఆ జంటలో ఒకరి సృష్టి. 1967లో తెజుకా కామ్ అనే పత్రిక ప్రారంభించి, ఔత్సాహికుల బొమ్మలకు అందులో చోటిచ్చారు. ఆ పాఠకుల చుట్టూ అభిమాన బృందాలు ఏర్పడ్డాయి. అటువంటి బృందాల వారే పూనుకొని 1975 డిసెంబరులో టోక్యోలో అభిమానులు తమ సొంత ముద్రణలు అమ్ముకొనే సంత ఒకటి నిర్వహించారు. కొన్ని వందల మందితో మొదలైన కామికెట్ అనే ఆ సంత కాలక్రమంలో లక్షలాది జనం వచ్చే వేడుక అయింది.

అందరి దారీ ఒకటి కాదు. హయావొ మియజాకీ యౌవనంలో తన బొమ్మలలో తెజుకా ఛాయ ఉన్నదని గ్రహించి వాటిని కాల్చివేశారు. తరువాత ఆయన తెజుకా యానిమేషన్‌ను కఠినంగా విమర్శించారు కూడా. కాల్చడమూ ఒక విధమైన ఋణమే. ఎవరి నుండి విడివడాలో తెలిసినవాడే తన చోటు తెలుసుకోగలడు. 1994లో డిస్నీ సంస్థ సింహరాజు కథను చిత్రంగా తీసినపుడు, తెజుకా 1950లో ఆరంభించిన అరణ్య చక్రవర్తి అనే తెల్లసింహం కథతో దానికి పోలికలున్నాయని జపాను చిత్రకారులు ఎందరో లేఖ వ్రాశారు. డిస్నీ సంస్థ ఒప్పుకోలేదు. తెజుకా సంస్థ వ్యాజ్యానికి పోలేదు. ఉస్తాదు ఇంటివారి మీద షాగిర్దు ఇంటివారు దావా వేయలేదన్నమాట.

తెజుకా దృష్టి జపానుకే పరిమితం కాలేదు. 1969లో అరేబియా రాత్రుల కథలను పెద్దల కొరకు యానిమేషన్ చిత్రంగా తీయించారు. 1972 నుండి 1983 వరకు గౌతమ బుద్ధుని జీవితాన్ని సుదీర్ఘమైన మంగాగా గీశారు. 1987లో వెలువడిన అరణ్యగాథ అనే చిత్రం ఆయన మనసుకు అద్దం. నిశ్చల చిత్రాల నుండి నిండైన చలనం వరకు యానిమేషన్ చరిత్రనంతా అందులో ఆయా కాలాల శైలులలోనే చూపారు. ఏ పొదుపు పద్ధతిని తాను జపానుకు అలవాటు చేశారో, అదే అందులో అడవిని నరికే వారి పక్షాన నిలిచింది. తన మీద తానే తీర్పు చెప్పుకోగల ధైర్యం ఎందరికి ఉంటుంది? ఆ చిత్రం ఆయన చేతిమీదుగా పూర్తి కాలేదు.

1989 ఫిబ్రవరి 9న, 60 ఏళ్ళ వయసులో, కడుపు క్యాన్సరుతో తెజుకా కన్నుమూశారు. చివరి రోజులలోనూ ఆసుపత్రి మంచం మీద పని చేయనివ్వమని బతిమాలారని చెబుతారు. దాదాపు లక్షన్నర పుటలు గీసిన చేయి అది. 1994లో తకరజుకాలో ఆయన పేర ఒక మ్యూజియం వెలసింది.

ఈ జీవితం మనకు చెప్పేదేమిటి? దిద్దడం తప్పు కాదు, దిద్దుతూనే ఆగిపోవడం తప్పు. తీసుకోవడం నేరం కాదు, తీసుకున్న చోటు దాచడం నేరం. మా కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం: వచ్చే సంచికలో రెండు పుటలు విద్యార్థుల బొమ్మలకు కేటాయించండి. నకలైతే అసలు ఎవరిదో క్రింద వ్రాయించండి, చాలును. మేము మందలించిన ఆ విద్యార్థి ఇప్పుడు చివరి సంవత్సరంలో ఉన్నాడు. ఈ వ్యాసం అతని కంట పడితే, నోటుపుస్తకం చివరి పుట మరల తెరుస్తాడని మా ఆశ. ఆ పుటలలో మొదటిదానిని అడిగి తీసుకోవలసిన బాధ్యత మాది.